అన్న బీటెక్, తమ్ముడు డిప్లొమా: ఒకే ఇంటి మెకానికల్ లెక్క

2018 జూలై మొదటి వారంలో జహీరాబాద్ దగ్గరి ఒక పల్లె నుంచి తండ్రీ కొడుకులు సంగారెడ్డిలోని నా కౌన్సెలింగ్ గదికి వచ్చారు. తండ్రికి చెరకు సాగు ఉంది. పెద్దకొడుకు ఇంటర్ ఎంపీసీ పాసై ఎంసెట్‌లో 41 వేల ర్యాంకు తెచ్చుకున్నాడు. వెబ్ ఆప్షన్లకు మూడు రోజులే గడువు. చేతిలో కాగితం మీద రెండు కాలేజీల పేర్లు రాసుకుని వచ్చారు. ఒక దాంట్లో కన్వీనర్ కోటాలో మెకానికల్ సీటు వచ్చే అవకాశం బాగా ఉంది. రెండో దాంట్లో మేనేజ్‌మెంట్ కోటాలో కంప్యూటర్ సైన్స్ ఇస్తామని ఏజెంటు చెప్పాడట.

ఈ ఇంటి లెక్క నేను ఏడున్నరేళ్లుగా రాస్తూ వస్తున్నాను. ఇలా మొదటి రూపాయి నుంచి చివరి జీతం స్లిప్పు దాకా నా దగ్గర ఉన్న కేసులు చాలా తక్కువ. పైగా ఇదే ఇంట్లో తమ్ముడు పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌కి వెళ్లి అదే మెకానికల్ చదివాడు. ఇద్దరూ 2022లోనే బయటికి వచ్చారు. ఒకే ఇల్లు, ఒకే సబ్జెక్టు, ఒకే ఏడు. డిగ్రీ ఖరీదెంత, అది తిరిగి ఎంత ఇస్తుంది అన్న ప్రశ్నకు ఇంతకంటే దగ్గరి పోలిక నాకు దొరకలేదు. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, కాలేజీలు, కంపెనీలు మాత్రం చెప్పను.

నా గురించి ఒక్క మాట. నేనూ మెకానికల్ వాడినే. బాలానగర్, జీడిమెట్ల టూల్ రూముల్లో పద్నాలుగేళ్లు పనిచేసి, 2015 నుంచి ఈ కౌన్సెలింగ్ పనిలోకి వచ్చాను. ఆ అనుభవం ఈ లెక్కలో చాలాచోట్ల పనికొచ్చింది. ఒకచోట మాత్రం నన్ను తప్పుదోవ పట్టించింది. అదీ చెబుతాను.

2018లో వేసిన లెక్క

ముందు మెకానికల్ సీటు. కాలేజీ ఫీజు ఏడాదికి 85,000. తెలంగాణలో పది వేల ర్యాంకు దాటిన బీసీ విద్యార్థికి రీయింబర్స్‌మెంట్ కింద ఏడాదికి 35,000 వస్తుంది. మిగతా 50,000 ఇంటి నుంచి కట్టాలి. నాలుగేళ్లకు 2 లక్షలు. యూనివర్సిటీ ఫీజు, పరీక్ష ఫీజు, రికార్డులు, ల్యాబ్ డ్రెస్సు, ఇంకా ఏడాది పొడవునా వచ్చే చిల్లర ఫీజులన్నీ కలిపి ఏడాదికి 8,000 వేశాను. హాస్టల్ నెలకు 5,500 చొప్పున ఏడాదికి పది నెలలు, అంటే నాలుగేళ్లకు 2,20,000. చేతి ఖర్చు నెలకు 2,000 చొప్పున 80,000. ల్యాప్‌టాప్ 38,000. మొత్తం 5,70,000.

తండ్రి ఈ అంకె దగ్గరే ఆగిపోయాడు. చాలామంది ఇక్కడే ఆగుతారు. కానీ ఇంకో ఖర్చు ఉంది, దానికి రసీదు రాదు. అబ్బాయి మేనమామ కొడుకు అప్పటికే ఇంటర్ ఆపేసి దగ్గర్లోని ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద చేరి నెలకు 10,500 తెస్తున్నాడు. మనవాడు చదువుకుంటున్న నాలుగేళ్లూ ఆ డబ్బు ఇంటికి రాదు. జీతం ఒక్క రూపాయి పెరగలేదనుకున్నా అది 5,04,000. రెండూ కలిపితే 10,74,000. ఆ కాగితం చూసి తండ్రి చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత కంప్యూటర్ సైన్స్. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. ఫీజు ఏడాదికి 1,10,000. దాని మీద చేరేటప్పుడు రసీదు లేకుండా 2,50,000 ఇవ్వాలని ఏజెంటు మాట. మిగతా ఖర్చులు అవే. మొత్తం 10,60,000. మెకానికల్ కంటే 4,90,000 ఎక్కువ.

ఆ 4,90,000 ఎక్కడి నుంచి వస్తుందని అడిగాను. అర ఎకరం అమ్మడం, లేదా ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తేవడం. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. మొత్తం అప్పే చేస్తే చివరి ఏడాదికి వడ్డీ ఒక్కటే నెలకు 9,800. సీటు కోసం ముందుగా ఇచ్చే రెండున్నర లక్షలకైతే మొదటి నెల నుంచే 5,000 పోతుంది. అప్పట్లో కొత్తగా చేరిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి చేతికి నెలకు పాతిక వేలు రావడమే మామూలు. అందులో నలభై శాతం దాకా వడ్డీకే పోయేది, అసలు అలాగే ఉండేది.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. మంచి కాలేజీలో కన్వీనర్ కోటాలో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చి ఉంటే, డబ్బు కోణంలో నేను దానివైపే మొగ్గేవాణ్ణి. మొదటి ఐదేళ్ల జీతాల్లో మెకానికల్ దానితో పోటీపడదు. ఈ ఇంటి ముందున్నది ఆ ఎంపిక కాదు. ల్యాబులు సరిగా లేని కాలేజీలో, వడ్డీ డబ్బుతో కొన్న సీటు ఒకవైపు. పాతికేళ్ల వర్క్‌షాపు, పనిచేసే లేతులు, ఎన్‌బీఏ (సాంకేతిక కోర్సుల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న మెకానికల్ బ్రాంచి ఇంకోవైపు. అబ్బాయికి ఏం ఇష్టమని అడిగితే, పొలంలో మోటారు తనే విప్పి బిగిస్తానని చెప్పాడు. మెకానికల్ పెట్టించాను.

ఎన్‌బీఏ గుర్తింపు ఉండటం వల్ల ఒక గట్టి లాభం కలిసొచ్చింది. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షలలోపు ఉండి, కోర్సుకు గుర్తింపు ఉంటే, విద్యారుణం మీద చదువుకునే కాలానికీ ఆ తర్వాత ఒక ఏడాదికీ వడ్డీని కేంద్రం భరించే పథకం ఉంది. ఏటా కట్టాల్సిన 50,000కు బ్యాంకు రుణం పెట్టించాం. నాలుగేళ్లకు 2 లక్షలు, వడ్డీ 10.5 శాతం. మొదటి విడత అందుకున్న నెలలోనే తహసీల్దారు ఆఫీసు నుంచి ఆదాయ సర్టిఫికెట్ తెచ్చి బ్యాంకులో ఇచ్చేదాకా నేను వాళ్లను వదల్లేదు. ఆ ఒక్క కాగితం లేకపోతే 2023 జూలై నాటికి 73,500 వడ్డీ నెత్తిన పడేది. రుణం తీసుకుంటూ ఈ సర్టిఫికెట్ సంగతి తెలియక వదిలేసిన కుటుంబాలను ఏటా చూస్తూనే ఉన్నాను. ప్రతిసారీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

ఆ రోజు కాగితం కింద నేను రాసిన అంచనా ఇది: 2022 జూలైలో నెలకు 20,000తో మొదలు, మూడో ఏడుకు 30,000. ఆ 10,500 కంటే అదనంగా వచ్చే జీతంతో, పెట్టిన డబ్బు, పోయిన జీతం రెండూ కలిపి తిరిగి రావడానికి చదువయ్యాక ఆరో ఏడు పడుతుంది.

జరిగింది

మొదటి రెండేళ్లు అనుకున్నట్టే సాగాయి. 2020 మార్చిలో కరోనాతో హాస్టల్ ఖాళీ అయింది. మూడో సంవత్సరం దాదాపు మొత్తం ఇంట్లోనే. నాలుగేళ్లలో హాస్టల్‌లో ఉన్నది 28 నెలలే. ఖర్చు తగ్గింది, నిజమే. కానీ మెకానికల్‌కి ఆ మూడో ఏడు ప్రాణం లాంటిది. మెషిన్ టూల్స్, మెట్రాలజీ, హీట్ ట్రాన్స్‌ఫర్ ల్యాబులు ఫోన్ తెర మీద వీడియోల్లో చూశాడు. మైక్రోమీటర్ చేత్తో పట్టకుండా మెట్రాలజీలో పాసయ్యాడు. ఆ లోటు తర్వాత డబ్బు పెట్టి పూడ్చుకోవాల్సి వచ్చింది.

మొత్తంగా ఇంటి నుంచి అయిన అసలు ఖర్చు: ఫీజు 2,00,000, చిల్లర ఫీజులు 32,000, హాస్టల్ 1,54,000, చేతి ఖర్చు 56,000, ఇంట్లో ఉన్నప్పుడు ఇంటర్నెట్‌కు 6,000, ల్యాప్‌టాప్ 38,000. కలిపి 4,86,000. నా అంచనా కంటే 84,000 తక్కువ.

ఆ సంతోషం 2022 ఆగస్టు దాకా నిలవలేదు. చివరి రెండేళ్ల రీయింబర్స్‌మెంట్ రాలేదని, ఆ 70,000 కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామని కాలేజీ చెప్పింది. సర్టిఫికెట్లు లేకుండా ఉద్యోగంలో చేరలేడు. తండ్రి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడు. నెలకు 1,400 చొప్పున 18 నెలలు వడ్డీ కట్టి, తర్వాత అసలు తీర్చారు. వడ్డీ 25,200. ఒక ఏడాది బాపతు 35,000 తర్వాత తిరిగొచ్చింది. రెండో ఏడాదిది 2025 చివరికి కూడా రాలేదు. ఇప్పుడు నా దగ్గరకు వచ్చే ప్రతి ఇంటి లెక్కలోనూ "ఆఖరి రెండేళ్ల రీయింబర్స్‌మెంట్ ముందు మనమే కట్టాలి" అని ఒక వరుస పెడుతున్నాను. వస్తే మంచిది. రాకపోయినా సర్టిఫికెట్ ఆగకూడదు.

ఇప్పుడు నా తప్పు. చదువు అయిన మర్నాడే జీతం మొదలవుతుందని లెక్క వేశాను. నేను డిగ్రీ చేసిన రోజుల్లో నాకు అలాగే జరిగింది, దాన్నే నియమం అనుకున్నాను. అబ్బాయికి 2022 ఫిబ్రవరిలో క్యాంపస్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మూడున్నర లక్షల ఆఫర్ ఇచ్చింది. ఆ ఏడాది మెకానికల్ పిల్లల్ని కూడా సాఫ్ట్‌వేర్ వాళ్లు బాగానే తీసుకున్నారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. జాయినింగ్ డేటు మాత్రం జూలై నుంచి సెప్టెంబరుకి, సెప్టెంబరు నుంచి "త్వరలో తెలియజేస్తాం"కి జరిగింది. ఆ చేతిలో ఉన్న ఆఫర్ వల్లే క్యాంపస్‌కు వచ్చిన ఒక కోర్ (అసలు మెకానికల్ పని ఉండే) కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లలేదు. వద్దని నేను కూడా చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

ఐదు నెలలు ఖాళీ. ఆ ఐదు నెలల్లో నాలుగు నెలలు అమీర్‌పేటలో ఉండి ఎన్‌ఎక్స్ క్యామ్ (మెషిన్‌కు ప్రోగ్రాము రాసే సాఫ్ట్‌వేర్), జీడీ అండ్ టీ (డ్రాయింగు మీద కొలతల హద్దులు చెప్పే పద్ధతి) నేర్చుకున్నాడు. కోర్సు ఫీజు 35,000, హాస్టల్ 26,000. తండ్రికి ఇది మింగుడు పడలేదు. "నాలుగేండ్లు చదివి మళ్లా కోచింగేంది సార్?" అని నన్ను నిలదీశాడు. ఆయన ప్రశ్న న్యాయమైనదే. కాలేజీలో చెప్పాల్సింది అమీర్‌పేటలో కొనుక్కోవాల్సి రావడం డిగ్రీ ఖర్చులో భాగమే, అందుకే ఈ 61,000నూ డిగ్రీ ఖాతాలోనే రాశాను.

2022 డిసెంబరులో పటాన్‌చెరులో ఒక చిన్న మెషిన్ షాపులో చేరాడు. ఏడాదికి 2,40,000 అన్నారు. నెలకు 20,000 అనుకున్నారు ఇంట్లో. మొదటి జీతం పడిన రోజు తండ్రి ఫోన్ చేశాడు: "ఇరవై అంటిరి గద సార్, పదహారే పడ్డయి." కూర్చోబెట్టి విడమర్చి చెప్పాను. ఆ 20,000లో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, ఈఎస్‌ఐ వాటా, గ్రాట్యుటీ అన్నీ లోపలే ఉన్నాయి. అవి తీస్తే గ్రాస్ సుమారు 17,600. దాంట్లోంచి అబ్బాయి పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం, ఈఎస్‌ఐ, వృత్తి పన్ను 150 పోతే చేతికి 16,000. అప్పటి నుంచి నా పట్టీల్లో సీటీసీ (ఉద్యోగి మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చు) అన్న మాటే తీసేశాను. బ్యాంకులో పడేదే రాస్తాను.

జీతం ఎందుకు అంత తక్కువ, తర్వాత ఎందుకు పెరిగింది

ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇదే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

చిన్న మెషిన్ షాపు బతికేది గంట రేటు మీద. పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు నేను చూసినంతలో మూడు యాక్సిస్ వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే, లోహాన్ని కోసే మెషిన్) మీద జాబ్ వర్క్ గంటకు ఐదారు వందల రూపాయలు. దాంట్లోంచి కరెంటు, టూల్ ఇన్సర్టులు, మెషిన్ లోన్ ఈఎంఐ, ఆపరేటరు జీతం, షెడ్డు అద్దె పోవాలి. మిగిలేదాంట్లోంచి ఇంజినీరుకు ఇవ్వాలి. ఓనరు ఎంత మంచివాడైనా కొత్త కుర్రాడికి పాతిక వేలు ఇవ్వలేడు, ఇవ్వడానికి ఆ గంటలో డబ్బు లేదు. ఆ షాపులో మనవాడి పక్కన పదో తరగతి చదివి పన్నెండేళ్లుగా మెషిన్ నడుపుతున్న ఆపరేటరు మనవాడి కంటే ఎక్కువ జీతం తీసుకునేవాడు. అతనిది న్యాయమైన జీతం. మెషిన్ శబ్దం వినే టూల్ అరిగిందో లేదో చెప్పేవాడు. అబ్బాయి మొదటి ఆరు నెలలు నిజంగా నేర్చుకుంది అతని దగ్గరే.

16 నెలలు అక్కడ చేశాక 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ శివారు ఆదిభట్ల వైపు విమాన భాగాలు చేసే ఒక కంపెనీకి మారాడు. ఆ ప్రాంతంలో టాటా, బోయింగ్ కలిసి పెట్టిన ఫ్యాక్టరీలో 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజెలాజులు (మొండెం భాగాలు) తయారవుతున్నాయి. ఆ చుట్టుపక్కల అలాంటి పనులు చేసే చిన్నా పెద్దా కంపెనీలు పెరిగాయి. ఇక్కడ ఐదు యాక్సిస్ మెషిన్లు, గంట రేటు దాదాపు మూడింతలు. ముడి దిమ్మె అల్యూమినియమో టైటానియమో. ప్రోగ్రాములో ఒక్క తప్పు జరిగితే వేల రూపాయల దిమ్మె, రెండు రోజుల మెషిన్ టైము బుట్టదాఖలవుతాయి. విమాన పరిశ్రమ నాణ్యతా ప్రమాణమైన ఏఎస్ 9100 పద్ధతిలో మొదటి పీసు మీద ప్రతి కొలతా డ్రాయింగుతో సరిచూసి, కాగితం మీద రుజువు పెట్టి, సంతకం చేయాలి. ఆ సంతకానికి డిగ్రీ అడిగారు. జీతం చేతికి 29,000.

గంట విలువ పెరిగిన చోటికి వెళితేనే జీతం పెరిగింది. అక్కడికి వెళ్లడానికి అమీర్‌పేట కోర్సూ, పటాన్‌చెరు ఆపరేటరు నేర్పిన పనీ కావాల్సి వచ్చాయి. అవి రెండూ ఉన్నా డిగ్రీ లేకపోతే ఆ కంపెనీ దరఖాస్తు కూడా తీసుకునేది కాదు. 2025 జూలైలో హైదరాబాద్‌లోనే ఒక ఇంజినీరింగ్ సర్వీసెస్ కంపెనీకి వెళ్లాడు. క్లయింటు విదేశీ విమాన విడిభాగాల సంస్థ. అక్కడా మొదటి షరతు బీటెక్. చేతికి 36,500.

మధ్యలో 2022, 2023 గేట్ రెండుసార్లు రాశాడు. ప్రభుత్వ రంగ సంస్థల పిలుపు వచ్చేంత స్కోరు రాలేదు. బేసిక్ పే 40 వేల నుంచి 60 వేల మధ్య మొదలయ్యే ఆ ఉద్యోగాలు మెకానికల్ చదివిన వాడికి దొరికే మంచి ఫలాలు, అందులో సందేహం లేదు. ఒకసారి చదువుకుంటూనే, ఒకసారి ఉద్యోగం చేస్తూనే రాశాడు కాబట్టి పరీక్ష ఫీజు తప్ప వేరే ఖర్చు కాలేదు. మూడోసారికి ఉద్యోగం మానేసి ఏడాది చదువుతానంటే నేను ఒప్పుకోలేదు. అప్పటికి విద్యారుణం ఈఎంఐ నెలకు 4,300 నడుస్తోంది.

తమ్ముడి లెక్క

తమ్ముడు 2019లో పదో తరగతి పాసై పాలిసెట్ రాశాడు. ఇంటి నుంచి బస్సులో వెళ్లొచ్చే దూరంలో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో డీఎంఈ, అంటే మెకానికల్ డిప్లొమా. ఫీజు ఏడాదికి ఐదు వేలలోపే. బస్ పాసు, పుస్తకాలు, డ్రాయింగ్ సామాను, పరీక్ష ఫీజులు, ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగులో తిరుగుడు, అన్నీ కలిపి మూడేళ్లకు 90,000 దాటలేదు. అప్పు ఒక్క రూపాయి లేదు.

2022 జూలైలో, అన్న జాయినింగ్ డేటు కోసం ఫోన్ చూసుకుంటున్న నెలలోనే, తమ్ముడు ట్రైనింగ్ చేసిన కంపెనీలోనే డిప్లొమా ట్రైనీగా చేరాడు. చేతికి 12,500. ఏడాది తర్వాత 15,500. 2024 జూలై నుంచి 19,000. ఇంట్లోనే ఉంటాడు కాబట్టి అద్దె లేదు, జీతంలో ఎక్కువ భాగం ఇంటికే. అన్న సర్టిఫికెట్ల కోసం తెచ్చిన 70,000కు మొదటి ఏడాది వడ్డీ కట్టింది తమ్ముడే. వాళ్లమ్మ ఈ మాట చెప్పేటప్పుడు కళ్లు తుడుచుకుంది.

రైల్వేలో జేఈ (జూనియర్ ఇంజినీరు), మరికొన్ని పోస్టులు కలిపి 7,951కి 2024లో నోటిఫికేషన్ పడితే ఇద్దరూ రాశారు. జేఈకి 35,400 బేసిక్. ఆ పరీక్షకు డిప్లొమా చాలు, డిగ్రీ ఉన్నందుకు అదనంగా ఏమీ రాదు. ఇద్దరికీ రాలేదు.

2025 డిసెంబరు 31 నాటి పట్టీ

అన్న 37 నెలల్లో చేతికి తెచ్చుకున్నది: పటాన్‌చెరులో 2,56,000, ఆదిభట్లలో 4,35,000, ఇప్పటి కంపెనీలో ఆరు నెలలకు 2,19,000. మొత్తం 9,10,000.

అన్న మీద అయిన ఖర్చు: చదువుకు 4,86,000, అమీర్‌పేటకు 61,000, తిరిగి రాని రీయింబర్స్‌మెంట్ 35,000, దాని వడ్డీ 25,200, బ్యాంకు రుణం మీద ఇప్పటిదాకా కట్టిన వడ్డీ సుమారు 42,000. మొత్తం 6,49,000. తీసేస్తే మిగులు 2,61,000.

తమ్ముడు 42 నెలల్లో 6,78,000 తెచ్చాడు. ఖర్చు 90,000 పోతే మిగులు 5,88,000.

అంటే ఇప్పటికీ తమ్ముడు 3,27,000 ముందున్నాడు. నెల జీతంలో తేడా 17,500. ఇద్దరి జీతాలూ ఇలాగే ఆగిపోతే అన్న తమ్ముణ్ణి అందుకోవడానికి ఇంకా 19 నెలలు కావాలి. 2027 జూలై దగ్గర. అన్నకప్పుడు 27 ఏళ్లు.

వయసు పెట్టి చూస్తే తేడా ఇంకా పెద్దది. 22 ఏళ్లప్పుడు అన్న చేతిలో పట్టా ఉంది, ఖాతాలో 4,86,000 ఖర్చు ఉంది. తమ్ముడు ఇప్పుడే 22 నిండినవాడు, 5,88,000 మిగులులో ఉన్నాడు. తేడా పది లక్షలు దాటింది. 2018లో తండ్రి మాట్లాడకుండా చూసిన కాగితం మీద, పోయిన జీతాన్ని కూడా కలిపి నేను రాసిన అంకె ఇదే దరిదాపుల్లో ఉంది. ఆ రోజు అది ఊహ. ఇప్పుడు ఒకే ఇంట్లో రెండు బ్యాంకు పాసుబుక్కులు.

దీన్ని చూసి డిగ్రీ వృథా అనుకుంటే పొరపాటు. పెరుగుదల చూడాలి. మూడేళ్లలో అన్న జీతం 16,000 నుంచి 36,500కు వెళ్లింది. తమ్ముడిది 12,500 నుంచి 19,000. తమ్ముడి కంపెనీలో డిప్లొమా వాళ్లకు ఒక గ్రేడు, డిగ్రీ వాళ్లకు ఒక గ్రేడు. పనిలో తమ్ముడు ఎంత దిట్టయినా ఆ గోడ దాటాలంటే చాలా ఏళ్లు పడుతుంది. అన్నకు అలాంటి గోడ ఇప్పుడు ఎదురుగా లేదు. మరో పదేళ్ల తర్వాత ఇదే పట్టీ తెరిస్తే అన్న వైపు చాలా బరువుగా ఉంటుందని నా అంచనా. కానీ ఆ బరువు రావడానికి ముందు ఇంటివాళ్లు తొమ్మిదేళ్లు మోయాలి. మోయగలిగారా అంటే, ఈ ఇంట్లో మోయగలిగారు. అర ఎకరం అమ్మకపోవడం వల్ల, రుణం రెండు లక్షలకే పరిమితం కావడం వల్ల, తమ్ముడి జీతం సరిగ్గా అవసరమైనప్పుడు మొదలవడం వల్ల. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా 2022 ఆగస్టులో ఈ కుటుంబం విరిగిపోయేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

కంప్యూటర్ సైన్స్ తీసుకుని ఉంటే ఏమయ్యేదని తండ్రి ఇప్పటికీ అడుగుతాడు. జరగని దానికి నా దగ్గర జీతం స్లిప్పులు లేవు. ఆ చెరకు చేను ఇంకా వాళ్ల పేరు మీదే ఉంది, అంతవరకు చెప్పగలను.

ఇప్పుడు తమ్ముడి వంతు

2026 జనవరిలో ఈసారి తమ్ముడు ఒక్కడే వచ్చాడు. డిప్లొమా వాళ్లకు పెట్టే ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరనా అని అడిగాడు. పాత పద్ధతిలోనే కాగితం తీశాం. మూడేళ్లు ఉద్యోగం మానితే పోయే జీతం 36 నెలలకు 6,84,000. దాని మీద ఫీజు తేడా, హాస్టల్, చేతి ఖర్చు. అంతా కలిపితే పది లక్షలకు అటూ ఇటూ. అన్న దారిలోనే నడిచి 36,500కు చేరడానికి చదువయ్యాక మళ్లీ మూడేళ్లు అనుకుంటే, 28 ఏళ్లకు గాని ఆ జీతం కనిపించదు.

రెండో దారి ఉంది. ఉద్యోగం చేసేవాళ్ల కోసం సాయంత్రాలు, సెలవు రోజుల్లో నడిచే బీటెక్‌కు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర మండలి) 2023 నుంచి అనుమతులిస్తోంది. జీతం ఆగదు. ఖర్చు ఫీజు మాత్రమే, అది కాలేజీని బట్టి. వాడి అసలు ఇబ్బంది షిఫ్టులు. నెలలో రెండు వారాలు సెకండ్ షిఫ్ట్, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. సాయంత్రం క్లాసుకు ఎలా వెళ్తాడు? జనరల్ షిఫ్ట్ ఇస్తే షిఫ్ట్ అలవెన్సు పోయి నెలకు 1,500 తగ్గుతుంది. మూడేళ్లకు 54,000. మానేస్తే పోయే 6,84,000 పక్కన పెట్టి చూస్తే నాకు అది పెద్ద ఖర్చుగా తోచలేదు. వాడికీ తోచలేదు.

కాలేజీకి ఎన్‌బీఏ గుర్తింపు ఉందో లేదో వాడే ఫోన్‌లో చూసి చెప్పాడు, నేను అడగకముందే. షిఫ్ట్ మార్పు కోసం సూపర్‌వైజరుకు రాసిన అర్జీ నా బల్ల మీదే కూర్చుని సరిచేసుకున్నాడు. మొదటి ఏడాది ఫీజు తాను కడతానని అన్న చెప్పాడట. పట్టీలో ఆ వరుసను అన్న ఖాతాలో వేయాలా, తమ్ముడి ఖాతాలో వేయాలా అని అడిగితే, తమ్ముడు కాసేపు ఆలోచించి, "రెండిట్లో సగం సగం రాయండి సార్" అన్నాడు. అలాగే రాశాను.